ఏడో ప్లాటు

ఉప్పల్ రింగ్ రోడ్డులో, మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంత పక్కన టీ హోటల్. ఐదు పరిశోధన కేంద్రాలు కలిసి నడిపే జొన్న ప్రోగ్రామ్‌కు ఆయన లీడర్. చేతిలో చాయ్ చల్లారుతున్నా తాగడం లేదు. ఎదురుగా వరంగల్ కేంద్రంలో పనిచేసే పాత క్లాస్‌మేట్.

"విత్తనాల పేర్లు దాచి ప్లాట్లకు నంబర్లే పెట్టినం గదరా. ఏది ఏ కేంద్రందో నాకొక్కనికే తెలుసు. అయినా ఐదు కేంద్రాల సైంటిస్టులందరు ఏడో ప్లాటుకే ఎక్కువ మార్కులేసిన్రు. ఇంకేంది నీ అనుమానం?"

"మార్కులేసే ముందు చేనంత తిరిగినం. ముందట నువ్వే నడిచినవ్."

"లీడర్ని. నడవొద్దా?"

"ఏడో ప్లాటు కాడ ఆగినవ్. వంగి కంకిని చేతులకు తీసుకున్నవ్. ఎనకున్నోళ్లందరు నీ మొఖమే సూసిన్రు. అది నీ విత్తనమని నాకు గప్పుడే తెలిసింది."

ఆయన లేచి, రోడ్డు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఏం జెయ్యమంటవ్?"

"రేపు మళ్ల మార్కులేద్దం. నువ్వు రాకు."

"లీడర్ లేకుండనా?"

"లీడర్‌వి గాబట్టే."

ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు.

"సరే, రాను. గని జర పొద్దుగాలనే తీస్కపో వాళ్లను. ఏడోది లేత ఎండల సూస్తేనే మంచిగ కనవడ్తది."