హాంబర్గ్ నుంచి వచ్చే కార్డు

1984 శీతాకాలం. అమెరికాలోని అరోరా అనే ఊళ్ళో డైనింగ్ టేబుల్ మీద జర్మనీ బ్రోషర్లు పరుచుకుని, ఓ తెలుగు భార్యాభర్తలు వారం రోజుల సెలవుకి ఊరు ఎంచుకుంటున్నారు.

"మ్యూనిక్‌కి బుక్ చేస్తాను. మంచు, కొండలు, నీకు నచ్చుతుంది."

"మీరు రెండేళ్ళు చదువుకున్న హాంబర్గ్ ఉందిగా. అక్కడికెందుకు వద్దు?"

"చలికాలంలో అక్కడేముందే? వాన, ఈదురుగాలి."

"ఏమీ లేని ఊరి నుంచి ఏటేటా క్రిస్మస్ కార్డు మాత్రం వస్తుంది."

"ఇంగ్రిడ్ నా క్లాస్‌మేటు, అంతే. ఈపాటికి ముసలిదైపోయుంటుంది."

"క్లాస్‌మేటంటే మీ వయసే. మీరు ముసలివారయ్యారా?"

"పెళ్ళికి ముందు సంగతికి ఇప్పుడు కుళ్ళుకుంటావా?"

"కుళ్ళే. మా అమ్మ రాసిన ఉత్తరం కవరైతే పరపరా చించేస్తారు. ఆ కార్డు కవరు మాత్రం చాకు తెచ్చి నెమ్మదిగా కోస్తారు."

"స్టాంపు పాడవకుండా."

"స్టాంపులు దాచే అలవాటు మీకెప్పుడుంది?"

"సరే, ఇప్పుడేం చేయమంటావ్?"

"హాంబర్గ్‌కే బుక్ చేయండి. పెళ్ళై పదకొండేళ్ళయినా కార్డు మీద మీ ఒక్కరి పేరే రాస్తోంది. నేనున్నానని ఆవిడకి నేనే చెప్పి వస్తాను."

అతను బ్రోషరులో తల దూర్చి చాలాసేపు పేజీలు తిప్పాడు.

"మ్యూనిక్‌లో మంచు బాగా పడుతుందటే."