చిగురేసిన పార కర్ర

మురుగునీటి శుద్ధి కేంద్రం గోడ పక్కనే టీకొట్టు. కేంద్రం లోపల ఎరువు గుట్టలు చూసుకునే మేస్త్రిని అక్కడందరూ కోతల బాబాయ్ అంటారు. ఆ వేళ ఆయన ఎదురుగా పూలమొక్కల నర్సరీ నడిపే ఆవిడ కూర్చుంది. మురుగు ఎరువని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇలాగే ఉంటే గుట్టలన్నీ గోతిలో పోయించి పని ఆపేస్తామని పైవాళ్లు చెప్పేశారు. ఈవిడైనా తీసుకుంటుందేమోనని బాబాయ్ ఆశ.

"నీళ్లు శుద్ధి చేశాక అడుగున మిగిలే బురదమ్మా అది. రంపపు పొట్టు కలిపి గుట్ట పోసి, తిరగేస్తూ ఉంటాం. లోపల దానంతటదే వేడెక్కుతుంది, ఆ వేడికి రోగాలు తెచ్చే క్రిములన్నీ చస్తాయి. ఆఖరికి వాన పడ్డ మట్టి వాసన తప్ప ఇంకేమీ ఉండదు."

"అలాగా," అంటూ ఆవిడ గ్లాసు పక్కన పెట్టి ముందుకు జరిగింది.

అది చూశాక బాబాయ్‌ని ఆపడం ఎవరి తరం?

"వేడంటే ఏమనుకున్నారు, ఓసారి బిందెతో నీళ్లు గుట్టలో పెట్టి మరిచిపోయా, వచ్చి చూస్తే కుతకుతా మరుగుతున్నాయి, ఆ దెబ్బతో మా ఆవిడ ఇంట్లో పొయ్యి తీసేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పార గుట్టలో గుచ్చి అన్నానికెళ్లొచ్చానా, పార కర్ర చిగురేసింది."

"ఏం చిగురు?" అన్నాడు టీకొట్టాయన.

"నువ్వు టీ కాచుకో. సాయంత్రానికి పూత, తెల్లారేసరికి కాయలు. కోద్దామని నిచ్చెన వేస్తే నిచ్చెనకీ వేళ్లు దిగాయి. నేనొక మెట్టు ఎక్కితే అది రెండు మెట్లు పెరుగుతోంది. కింద మా బావమరిది 'దిగు బావా' అని అరిచిన అరుపు నా చెవిన పడేసరికి మర్నాడైంది. ఇంతలో ఓ విమానం వచ్చింది. నడిపేవాడు అద్దం దించి, 'కాస్త పక్కకి జరగండి బాబాయ్' అన్నాడు, పాపం మర్యాదస్థుడు."

ఆవిడ లేచి నిలబడింది. "మీ మొదటి మాటకే ఒక లోడు అడుగుదామనుకున్నాను. ఇప్పుడు ఆ మాట మీద కూడా అనుమానం వస్తోంది."

బాబాయ్ ముఖం పాలిపోయింది. "అది మాత్రం నిజమమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చి మీ చేత్తో తీసి చూడండి."

"రేపు వస్తాను. మట్టి వాసనే వస్తే తీసుకెళ్తాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఒక్క సాయం చెయ్యండి బాబాయ్ గారూ. రేపు మీరు సెలవు పెట్టండి."