ముప్పై ఒకటో పేరు

షాంఘైలోని ఆ అపార్ట్‌మెంటు కింద చెత్తతొట్లు సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. అత్తగారు సంచి ముడివేస్తోంది. కోడలు పొయ్యి దగ్గర ఫోను చూస్తూ నిలబడిపోయింది.

“బడి తల్లుల గ్రూపులో జపాన్ సరుకు ఇక కొనబోమని వరసగా పిల్లల పేర్లు రాస్తున్నారత్తయ్యా. ముప్పై మంది రాశారు. మన పాప యూథోంగ్ పేరొక్కటే లేదు.”

“రాసెయ్. వేలేమన్నా అరిగిపోతుందా?”

“దాని పాలడబ్బా జపాన్‌దే కదా. వేరేది తాగితే ఒళ్లంతా దద్దుర్లు.”

“పాలు మాన్పించమని ఎవరన్నారు? పేరు రాయమన్నారు, అంతే.”

“రాయకపోతే దాన్ని బళ్లో వేరుగా చూస్తారేమో. రాస్తే అబద్ధం. నాకిక ఓపిక లేదత్తయ్యా.”

“మా రోజుల్లో గోడల మీద నినాదాలు రాసేవాళ్లం. చేతులు పడిపోయేవి. మీకా బాధన్నా లేదు.”

కోడలు రాసింది. వెంటనే చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి.

“అయ్యో, ఆ సంచిలో ఖాళీ డబ్బా ఉంది. తొట్ల దగ్గర కాపలా ఆవిడ తడి చెత్త, పొడి చెత్త వేరు చేశామో లేదోనని ప్రతి సంచీ విప్పి చూస్తుంది. ఆవిడ మనవరాలూ యూథోంగ్ తరగతే.”

“లేబుల్ చింపేశాలే.”

పావుగంటకు అత్తగారు తిరిగివచ్చి చెప్పులు విడిచింది.

“చూసిందా?”

“చూసింది. డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.”

“ఏమంది?”

“అంచున ముక్క మిగిలిపోయిందంది. గోటితో గీకితే రాదట. వేణ్నీళ్లలో నానబెడితే శుభ్రంగా ఊడొస్తుందట. వాళ్లింట్లో అలాగే చేస్తారట.”