ఎర్ర బటన్

సూర్యాపేటలో ఒక దవాఖాన బయట సిమెంటు బెంచీ. త్రిపురారం నుంచి వచ్చిన గోపయ్య, రేణుకమ్మ. వాళ్ళ మధ్యలో, కోదాడ కాలేజీలో జువాలజీ చెప్పే కూతురు రూప, హైదరాబాదు నుంచి వచ్చిన రిపోర్టు పట్టుకొని.

"స్విచ్చా? మీ అమ్మ పేగుల స్విచ్చేంది బిడ్డా?"

"అందరికుంటది నాయినా. ఒంట్ల ప్రతి కణంల ఉంటది. చిన్న ప్రొటీను. పెరగమని బయటి నుంచి కబురొస్తె ఆన్ అయితది, కణం ఒకటి రెండయితది. పని కాంగనే ఆఫ్ అయితది."

"మంచిదే గద మరి."

"మంచిదే. అది లేకుంటె తెగిన వేలు గూడ మానది."

"రూపా, నాక్కూడ క్లాసు చెప్తున్నవా? అటెండెన్సు ఎయ్యి మరి."

"ఏందే రేణుకా, నీకు నవ్వొస్తున్నదా? నువ్వు చెప్పు బిడ్డా. రిపోర్టుల ఏమున్నది?"

"అమ్మ గడ్డల... గా ప్రొటీను జర మారింది."

"మారితె?"

"ఆఫ్ అయితలేదు."

"ఆఫ్ అయితలేదంటె?"

"కబురు రాకున్నా ఆన్‌లనే ఉంటది. పెరుగు, పెరుగు అంటనే ఉంటది. ఒకటి రెండు, రెండు నాలుగు... అమ్మకొచ్చిన కాన్సరు గదే నాయినా. గట్లనే లివర్ దాక పోయింది."

"పోయిన యాసంగి పంటకు మన మోటరు స్టార్టరు గిట్లనే అంటుకపాయె. ఎర్ర బటన్ ఎంత ఒత్తినా బందు కాలే. మడంత మునిగె."

"ఆ. గట్లనే నాయినా."

"సరే, మరి గా కొత్త ఇంజక్షను ఎప్పుడు మొదలువెడ్తరు? రిపోర్టు రాంగనే అన్నది గద డాక్టరమ్మ."

"ఎండొచ్చింది, జర ఇటు జరుగు నాయినా. అమ్మా, నీళ్ళు తాగుతవా?"

"తాగిన. మీ నాయిన అడిగింది చెప్పు."

"గా ఇంజక్షను... పెరగమని వచ్చే కబురును వాకిట్లనే ఆపుతది."

"వాకిట్ల ఆపితె ఏం లాభం? అంటుకున్నది లోపల గద?"

"లోపలనే నాయినా."

"రూపా. గది గూడ ఎర్ర బటన్ ఒత్తుడేనా?"

"ఆ నాయినా."

"అయితె పని చెయ్యది."

"చెయ్యది."

"నేనప్పుడు ఫ్యూజు పీకిన. దీనికి ఫ్యూజు లేదా? గంత సదివినవ్, నీకు తెల్వదా?"

"కొన్ని రకాలకు మందులొచ్చినయి. అమ్మకున్న రకానికి మన దగ్గర ఇంకా రాలే. కీమో ఇస్తరు. కొన్ని నెలలు... కొన్ని నెలలు నడుస్తది."

"కొన్ని నెలలా."

"బెంచీని గట్ల గుద్దకయ్యా, చెయ్యి పగుల్తది."

"ముందుగాల చెప్తె ఏమయితుండె నీకు? దొడ్డికి పోతె ఎన్నాళ్ళ సంది పడుతున్నదే రక్తం?"

"రెండు నెలలని చెప్పిన గద."

"రెండు నెలలల్ల లివర్ దాక పోతదా? అబద్ధమాడకు!"

"నాయినా, అమ్మననకు. అసలు తప్పు..."

"నువ్వూకో రూపా! అవునయ్యా, ఏడాదయింది. సిగ్గయి ఎవ్వరికి చెప్పలే."

"ఇంట్ల ఎమ్మెస్సీ సదివిన బిడ్డ ఉండె! వాడల ఎవరికి జరమొచ్చినా దాన్నే అడుగుతరు. నువ్వొక్క మాట దాని చెవినెయ్యకపోతివి. చెప్తె అది ఊకుంటుండెనా?"

"చెప్పలే. నాదే తప్పు. పో, గా నల్ల కాడ మొఖం కడుక్కొని రా. జనం సూస్తున్నరు."

"సూడనీ... కడుక్కొనొస్త."

"అమ్మా, నేను చెప్పేస్త. నాయిన రాంగనే చెప్పేస్త."

"నోరు ముయ్యి. నేను పోయినంక ఆయనకు నువ్వు తప్ప ఎవరున్నరు? నీతోని మాట్లాడకుంట ఒక్కడు ఎట్ల బతుకుతడు?"

"అమ్మా..."

"కండ్లు తుడుసుకో, వస్తుండు. 'మొలలే అమ్మా, భయపడకు' అని నువ్వు బస్సుల పంపిన గోలీలు నిన్ననే కాలువల పడేసిన. నువ్వేం పంపలే, నేను నీకేం చెప్పలే."