నూర్ మొహమ్మద్‌కి దిష్టి తీసిన రోజు

ఏంది హరితా, ఉద్యోగంలో చేరి నెల తిరక్కముందే మానేస్తానంటన్నావంట? మీ అమ్మ చెప్పిందిలే. కౌన్సిలర్ అంటే ఏడుపులు వినే పనేగా మరి, వచ్చినోళ్ళు నీకు పెళ్ళిపాటలు పాడతారనుకున్నావా? కూకో ఇట్టా. నూర్ మొహమ్మద్ అని ఒక అబ్బాయి ఉండేవాడే, నీ పనే వాడిదీ. కరోనాలో పోయాడులే పాపం. మాచర్ల పిల్లోడు, సన్నంగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. పేటలో మందు మాన్పించే ఆస్పత్రిలో చేసేవాడు. నాకెట్టా తెలుసంటావేంది, మీ తాతని తీసుకుపోయి అక్కడ పడేసింది నేనేగా! తోడుండాలని నేనూ ఆ వార్డులోనే చాపేసుకున్నా. అప్పటికి మీ అమ్మకింకా పెళ్ళి కాలా.

వాడి పద్ధతేందంటే, ఎదురుగా కూకోబెట్టి నిన్నే చెప్పమంటాడు, తను తలూపుతాడంతే. మీ తాతకి ఒకటే దిగులు. 'ఏమే, ఈ అబ్బాయికి ఏదో జబ్బే. గంటసేపు వాగినా నోరు తెరవడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు' అని. నిజంగానే చిక్కిపోయాడు. బాగయ్యారని పంపినోళ్ళే తూలుకుంటా తిరిగొస్తంటే ఏ మనిషికైనా ఏం ఓపికుంటది? ఆ క్రోసూరు వెంకట్రామయ్య నాలుగోసారి వచ్చిన రోజు అబ్బాయి తన క్యారేజీ మూత కూడా తియ్యలా. 'పిన్నీ, మాచర్ల పోయి మా మామూ షాపులో పంచర్లు ఏసుకుంటా. ట్యూబుకి అతుకేస్తే నిలుస్తది, మనుషులకి నిలవట్లా' అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ నాకు నవ్వు రాలా. వాడు పోతే నా మొగుడి గతేంది?

వార్డులో చెప్పా. ఇంకేముంది, తాగుబోతులంతా మీటింగు పెట్టారు. పొద్దస్తమానం మన ఏడుపులు వింటంటే దిష్టి తగలదా అని తేల్చారు. అందరూ మిరప రైతులేగా! ఎండు మిరపకాయలు తెమ్మని పెళ్ళాలకి కబుర్లు. మా చేలో కాయే ఘాటంటే మా చేలోదని ఆడా పోటీనే. అబ్బాయిని ప్లాస్టిక్ కుర్చీలో కూకోబెట్టారు. 'వద్దు బాబాయ్, ఇయన్నీ నేను నమ్మను' అంటన్నా వినకుండా మీ తాత గుప్పెడు తిప్పి కుంపట్లో ఏశాడు. ఘాటు రాలా. దిష్టుంటే ఘాటు రాదుగా! 'చూశారా, ఎంత దిష్టో' అని వెంకట్రామయ్య ఇంకో గుప్పెడు. అయినా రాలా. అందరికీ భయమేసి సంచులు సంచులే దులిపారు. అప్పుడంటుకుందమ్మా, ఒక్కసారే!

ఎవడూ దూకి పారిపోకుండా కిటికీలన్నీ బిగించే ఉంటయ్యి. ఇంక దగ్గులు, తుమ్ములు, ఏడుపులు! వాచ్‌మెన్ గేటు తాళం తీసి ముందు తనే ఉరికాడు, ఎనకాల వార్డంతా. రోడ్డవతలేముందో తెలుసా? బ్రాందీ షాపు. ఆస్పత్రికెదురుగా ఎట్టా పెట్టారని నన్నడగమాక. అబ్బాయి కళ్ళు కనపడక గోడ తడుముకుంటా, 'పోయారా పిన్నీ, అందరూ పోయారా?' అని అరుస్తన్నాడు. మీ తాత ఎనక్కొచ్చి వాణ్ణి బస్తాలాగా భుజానేసుకున్నాడు. తిన్నగా ఎక్కడికి తీసుకుపోయాడు? బ్రాందీ షాపుకే! నా పని అయిపోయిందనుకున్నా. పోయి చూస్తే అందరూ కౌంటర్ ముందు దగ్గుకుంటా, 'నీళ్ళ ప్యాకెట్లియ్యవయ్యా, మా సారు కళ్ళు కడగాలి' అంటన్నారు. షాపోడికి అర్థం కాక, 'నీళ్ళు సరే, దాంట్లోకి ఏం కావాలి?' అనడుగుతాడు. ఇద్దరు తాగారులే, అబద్ధమెందుకు. మిగతావాళ్ళే వాళ్ళనీ ఈడ్చుకొచ్చి లోపలికొచ్చి గేటేసుకున్నారు. వాచ్‌మెన్ మాత్రం సాయంత్రానికి తప్పతాగొచ్చాడు. వాడికీ ఓ మంచమేశారు.

అబ్బాయి మెట్లమీద కూకుని నవ్వటం మొదలెట్టాడు. నవ్వీ నవ్వీ ఏడిచాడు. 'పిన్నీ, వీళ్ళని నేను మోస్తన్నాననుకున్నా. నాకోసం ఎనక్కొచ్చారు చూడు. ఇంతకన్నా నాకేం కావాలి?' అన్నాడు. మాచర్లా పోలేదు, పంచర్లూ ఏయలేదు. ఆ తర్వాత ఎవరు తాగి తిరిగొచ్చినా మొహం మాడ్చుకోలా. కుర్చీలోంచి లేచి, 'వచ్చావా బాబాయ్, షుక్రియా' అనేవాడు. మీ తాత మళ్ళీ తాగాడు, మళ్ళీ ఆస్పత్రికే పోయాడు, ఎన్నిసార్లని చెప్పను? అన్నిసార్లూ వాడు లేచి నిలబడ్డాడు.

అబ్బాయి చచ్చిపోయాడంటే మీ తాత నమ్మలా. కరోనా గొడవ తగ్గాక తాగి, ఒక్కడే బస్సెక్కి ఆ ఆస్పత్రికి పోయాడు. ఆ కుర్చీలో ఎవరో కొత్తోడు, తలెత్తకుండానే పేరూ వయసూ అడిగాడంట. ఇంటికొచ్చి చిన్నపిల్లోడిలాగా ఏడిచాడే. 'ఇంక తాగితే ఎవరి దగ్గరికి తిరిగిపోవాలే?' అన్నాడు. అంతే, మళ్ళీ ముట్టలా... ఏమే, ఆ ఫ్యాను కాస్త పెంచు, ఉక్కగా ఉంది.