జాడీలో ఎండుద్రాక్షలు

కౌనస్ దగ్గరి పల్లెలో, కాలేయం చెడి తాగుడు మానేసిన మొగుడు, పెళ్లాం చేసిన గిర తాగుతున్నాడు. నల్లరొట్టె పులియబెట్టిన ఆ పానీయం రెండు గ్లాసులకే ఆయనకు ఒళ్లు తేలిపోతోంది.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ ఒకటే కూనిరాగం?"

"నీ చేతి చలవ. ఈసారి గిర బాగా కుదిరింది."

"జాడీలో నేనేసింది మూడు ఎండుద్రాక్షలు. సోమవారం చూస్తే గుప్పెడు తేలుతున్నాయి."

"పిల్లల్ని పెట్టాయేమో."

"చక్కెర డబ్బా కూడా సగం ఖాళీ. తీపి వేసి ఊరబెట్టేకొద్దీ సారా ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పలేదూ?"

"రొట్టె నీళ్లే కదే. మోకాళ్ల నొప్పి కూడా తెలియట్లేదు, తెలుసా?"

"ఆ జాడీ సోమవారమే పెంటమీద పోశాను. నువ్వు తాగుతున్నది రాత్రి నానేసింది. ఇంకా పులియనే లేదు."

ఆయన గ్లాసును కాసేపు ఎగాదిగా చూశాడు.

"సరే, ఇంకో గ్లాసు పొయ్యి. పాట సగంలో ఉంది."