పద్నాలుగో పేజీ, మూడో వరుస, రెండో మాట

రిపేరు షాపు మెకానిక్ తన వంతు పని చేశాడు. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి టైలరమ్మ తెచ్చిన లాప్‌టాప్‌లో వేసి, వాళ్ళన్నయ్య ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న ఫ్లాపీలోంచి ఆటని అందులోకి ఎక్కించాడు. ఆట తెరుచుకుని ఒక ప్రశ్న అడిగింది: నాతో వచ్చిన పుస్తకంలో పద్నాలుగో పేజీ, మూడో వరుస, రెండో మాట ఏమిటి? దొంగ కాపీలు ఆడకుండా అప్పట్లో అలా అడిగేవారట. ఆ మాట కొడితేనే లోపలికి పోనిస్తుంది.

"ఎదురు టీ కొట్టులో ఒకాయన ఉంటాడు, పాత ఆటల సంగతి ఆయన్ని అడగండి. వినేటప్పుడు మాత్రం కొంత తీసేసి వినండి" అని, పుస్తకం దొరక్క మళ్ళీ వచ్చిన ఆమెని పంపించాడు మెకానిక్.

టైలరమ్మకి కుట్టుమిషను తప్ప ఇంకో మిషను తెలీదు. కానీ పక్షవాతంతో నాలుగు నెలలుగా కుడిచెయ్యి పక్కన పడేసుకున్న అన్నయ్య, ఆ ఫ్లాపీ చూడగానే రెండు వేళ్ళు కదిపాడు. వేళ్ళకి అలవాటున్న పనే చేయించమని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టిన మనిషి, నాలుగు రోజుల కిందట ఆ ప్రశ్న ముందు గంటసేపు కూర్చుని చివరికి కళ్ళు తుడుచుకున్నాడు. అది చూశాక ఆమెకి అన్నం సయించలేదు.

"గ్యారంటీ మామా, నీకోసమే" అన్నాడు టీ కొట్టాయన, బెంచీ మీదున్న పెద్దాయనతో. ఆ పిలుపు విని టైలరమ్మ తలెత్తి చూసింది. చెప్పాల్సింది చెప్పి, కూర్చుంది.

"పాత ఆటలా? సరైన చోటికే వచ్చావు చెల్లెమ్మా, గ్యారంటీగా ఆడిస్తా" అని మామ మొదలెట్టాడు. "నీలాగే ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, మౌసు పట్టుకోమంటే పాము పిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు, ఏదో కార్ల పందెం ఆట తెచ్చాడు. ఒక్క పూటలో ఎక్కించిచ్చా. అదేం పెద్ద గొప్ప కాదు, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాత ఆటని కొత్త కంప్యూటర్‌లో వేస్తే వేగం ఎక్కువైపోతుంది కదా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేలోపు పందెం అయిపోయి, కప్పు ఇచ్చేసి, జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు."

"ఏ జనం?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆటలో జనమయ్యా, మధ్యలో అడ్డు రాకు. సరే, వేగం తగ్గించా. నా చెయ్యి కొంచెం బరువు కదా, మరీ తగ్గిపోయింది. కంప్యూటర్ నెమ్మదించింది, దాంతోపాటు గోడ గడియారం నెమ్మదించింది, అది కిటికీలోంచి వీధిలోకి పాకింది. ఇదే కొట్లో పొద్దున పొంగిన పాలు గిన్నె అంచు దాకా వచ్చి ఆగిపోయాయి, సాయంత్రానికి గానీ పొయ్యి మీద పడలేదు. కావాలంటే ఈయన్నే అడుగు."

"నాకేం తెలీలేదే."

"నీకెలా తెలుస్తుంది, నీ పనెప్పుడూ ఆ వేగమే."

బెంచీ చివరున్న ఇద్దరు నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది, కానీ ఆగలేకపోయింది.

"మరి పుస్తకంలో మాట అడిగితే ఏం చేశారండీ?"

"పుస్తకం నాకెందుకమ్మా, ఆ రోజుల్లో వచ్చిన ప్రతి ఆట పుస్తకం నాకు నోటికొచ్చు. పేజీ అడగ్గానే మాట కొట్టా. ఆట నమ్మలేదు, ఇంకోటి అడిగింది. అదీ చెప్పా. అలా నూట ఎనభై పేజీలు అప్పజెప్పా. దానికి అడగడానికి ఏమీ మిగల్లేదు, అచ్చుతప్పులు ఎక్కడెక్కడున్నాయో అడిగింది. అవీ చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆట చేసిన కంపెనీవాళ్ళే ఫోన్ చేశారు. వాళ్ళ దగ్గరున్న ఒక్క పుస్తకాన్నీ చెదలు తినేశాయట. నేను చెబుతుంటే అవతల పదిమంది రాసుకున్నారు. బొమ్మలు కూడా నోటితోనే చెప్పా, గీసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఆ పుస్తకం ఎక్కడ కనపడ్డా అది నా నోట్లోంచి వచ్చిందే. గ్యారంటీ."

టైలరమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"మా అన్నయ్యది గుహల్లో దీపం పట్టుకుని తిరిగే ఆట. దాని పుస్తకం కూడా నోటికొచ్చాండీ?"

"నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"పద్నాలుగో పేజీ, మూడో వరుస, రెండో మాట."

మామ గడ్డం గోక్కున్నాడు. "పద్నాలుగంటే... అది బొమ్మ ఉన్న పేజీ అమ్మా. అందులో మాటలుండవు."

టైలరమ్మకి కోపం రాలేదు. "మా అన్నయ్యకి మాట పడిపోయిందండీ. తిరిగొచ్చినవి పదో పన్నెండో. పుస్తకం ఎక్కడుందని అడిగితే 'గ్యారంటీ' అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కంప్యూటర్ గ్యారంటీ కార్డుతో పాటు పెట్టాడేమో అనుకుని, వదినా నేనూ మూడు రోజులు బీరువాలన్నీ ఖాళీ చేశాం. వాడు చెప్పింది కార్డు కాదు, మనిషని ఇందాక మిమ్మల్ని పిలిచినప్పుడు తెలిసింది."

మామ చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ప్రెస్సులో టైపు కొట్టేవాడు, అతనేనా?" అన్నాడు మామ.

"అతనే."

"రెండ్రోజుల్లో ఇస్తానని ఆ పుస్తకం తీసుకున్నా." మామ లేచి చెప్పులు వేసుకున్నాడు. టీ సగం అలాగే ఉంది. "అటక మీద పెట్టెల్లో చూడాలి."

"ఉంటుందా మామా, గ్యారంటీయేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఏమోనయ్యా" అన్నాడు మామ. "వెతకాలి."

"పదండి, నిచ్చెన నేను పట్టుకుంటా" అంటూ టైలరమ్మ కూడా లేచింది.